కర్నూలు బజారు రాత్రిళ్లు ఎవరి కోసం మేలుకుంటుంది?

పెళ్లి బట్టలు ఎక్కడ తెచ్చారని కర్నూలులో ఏ మధ్యతరగతి ఇంట్లో అడిగినా హైదరాబాద్ పేరు వినిపించడం మామూలే. దూరం సుమారు 210 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరితే సుల్తాన్ బజార్, పత్తర్‌గట్టీ, బేగంబజార్ అన్నీ తిరిగి రాత్రికి ఇల్లు చేరొచ్చు. 2011 జనాభా లెక్కల నాటికే 4 లక్షలు దాటిన నగరం, ఒకప్పుడు రాష్ట్ర రాజధానిగా ఉన్న ఊరు, తన పెళ్లి బట్టల కోసం తుంగభద్ర నది దాటి వెళ్తోంది. కర్నూలులో అంగళ్లు తక్కువేం కాదు. వన్ టౌన్ సందుల్లో, షరాఫ్ బజార్‌లో, పూలబజార్‌లో, రాజ్‌విహార్ సెంటర్‌లో, సి క్యాంపులో, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఎక్కడ చూసినా వ్యాపారమే. కానీ ఫలానాది కర్నూలు బజారు అని ఒక్క చోటు చూపించడం కష్టం. ఈ బజారు పదేపదే కదిలింది. కదిలించిన నిర్ణయాల్లో ఒక్కటి కూడా బజారును దృష్టిలో పెట్టుకుని తీసుకున్నది కాదు. రాజధాని పెట్టినవాళ్లు, బస్టాండు మార్చినవాళ్లు, రహదారి వేసినవాళ్లు, మద్యం చట్టాలు చేసినవాళ్లు తమ తమ పనులే చూసుకున్నారు. అంగళ్లు వాళ్ల వెనక నడిచాయి.

రాత్రి పూట ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పగలు బజారులో ఊరివాళ్లుంటారు. పొద్దుపోయాక మేలుకొని ఉన్న చోట్లు చూస్తే బస్టాండు ముందు, పెద్దాసుపత్రి గేటు దగ్గర, సినిమా హాళ్ల చుట్టూ, రహదారి పక్కన. అక్కడ తింటున్నవాళ్లు, కొంటున్నవాళ్లు చాలావరకు బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే.

మొదట కోట సంగతి. తుంగభద్రలో హంద్రీ కలిసే మూల మీద పాత ఊరు పుట్టింది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల పేరుతో ముడిపడిన కోటలో ఇవాళ కళ్లకు నిండుగా కనిపించేది కొండారెడ్డి బురుజు ఒక్కటే. ఆ బురుజు చుట్టూ, దాని వెనక ఉన్న ఇరుకు గేరీలే, అంటే సందులే, పాత బజారు. బండ్ల కాలంలో ఏర్పడిన దారులు కాబట్టి ఆటో ఎదురొస్తే స్కూటర్ గోడకు ఒదగాల్సిందే. ఇక్కడి పఠాన్ నవాబుల పాలన 1839లో ముగిసింది. రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడన్న ఆరోపణతో ఈస్టిండియా కంపెనీ సైన్యం వచ్చి, జొహరాపురం దగ్గర జరిగిన పోరు తర్వాత నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుపోయింది. 1858లో కర్నూలు జిల్లా కేంద్రమైంది. దర్బారు మీద బతికే బజారు పోయి కోర్టు వాయిదాకు, కచేరీలో అర్జీకి వచ్చే పల్లె జనం మీద బతికే బజారు తయారైంది. వచ్చిన పని అయ్యాక చీకటి పడకముందే బండి కట్టుకుని వెళ్లిపోయే జనం వాళ్లు. అందుకే ఆ కాలపు బజారుకు పండగలు, ఉరుసులు, నాటకాలు తప్ప రాత్రి బేరం పెద్దగా ఉండే వీల్లేదు.

ఈ లెక్క ఒక్కసారిగా మారింది 1953లో. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధానో, హైకోర్టో ఏది కావాలో ఎంచుకునే హక్కు రాయలసీమది. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు దక్కాయి. 1953 అక్టోబరు 1న నెహ్రూ వచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. ఊళ్లో అన్ని కార్యాలయాలకు భవనాలు ఎక్కడివి? చాలామంది ఉద్యోగులు డేరాల్లో కాపురం పెట్టారు. మద్రాసు లాంటి మహానగరంలో ట్రాములు, కాఫీ హోటళ్లు, బీచీ, సినిమాలు అలవాటైన గుమస్తాలు, ఆఫీసర్లు, వాళ్ల కుటుంబాలు ఎండకు పేరుమోసిన ఊరికి వచ్చి పడ్డారు. వాళ్ల నివాసాల కోసం ఏర్పడిన ప్రాంతాలే ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. తాత్కాలికం అనుకుని పెట్టిన ఆ పేర్లు డెబ్బై ఏళ్లు దాటినా మారలేదు.

బజారు చరిత్రలో ఈ మూడేళ్లకు దక్కాల్సినంత చోటు దక్కలేదనిపిస్తుంది. రాజధాని అంటే మనకు శాసనసభ, మంత్రులు గుర్తొస్తారు. అంగడివాడికి గుర్తొచ్చేది వేరు. నెలకు ఒకసారి కచ్చితంగా జీతం వచ్చే వేలమంది మనుషులు అంతకుముందు ఆ ఊళ్లో లేరు. పంట చేతికొచ్చినప్పుడు కొని, రానప్పుడు అప్పు పెట్టే రైతు బజారు కర్నూలుది. దాని పక్కనే ఒకటో తారీఖున కళకళలాడే బజారు మొదలైంది. సాయంత్రం ఆఫీసు వదిలాక, ఉక్క పోసే డేరాలో కూర్చోలేక బయటికి వచ్చే జనానికి తిండి కావాలి, కాఫీ కావాలి, కాలక్షేపం కావాలి. పొద్దుగుంకాక వచ్చే ఖాతాదారుణ్ణి కర్నూలుకు ఏడాది పొడవునా అందించింది ఆ ఉద్యోగుల బతుకే.

అయితే ఆ సాయంత్రాల్లో చట్టబద్ధంగా మందు లేదు. 1948 నాటికే మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. ఆంధ్ర రాష్ట్రానికి అది వారసత్వంగా దక్కింది. గీత కార్మికుల జీవనం దెబ్బతింటోందన్న ఆందోళన పెరిగింది. నిషేధం వివాదం మీదే 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం కూలిపోయింది. తాగుడు సంగతి మీద రాష్ట్ర ప్రభుత్వమే పడిపోయిన ఊరు ఇది. రాత్రి బజారు గురించి మాట్లాడేటప్పుడు దీన్ని మరిచిపోకూడదు. జనం రాత్రి ఎలా గడపాలన్నది ఇక్కడ ఎప్పుడూ రాజకీయ ప్రశ్నే.

1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్‌కు వెళ్లింది. జీతాల జనంలో పెద్ద భాగం కూడా వెళ్లింది. పోయిన రాజధాని గురించి రాయలసీమలో ఉన్న బాధ రాజకీయ వేదికల మీద ఎన్నోసార్లు వినిపించింది. చిల్లర వ్యాపారి నష్టం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఆ ఉద్యోగులను నమ్ముకుని పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడికి వెళ్తాడు? రాజధాని పోయినా క్యాంపుల దారులు, క్వార్టర్లు, ఖాళీ స్థలాలు మిగిలాయి. తర్వాతి దశాబ్దాల్లో నగరం అటు పెరగడానికి ఆ దారులే ఆధారమయ్యాయి. 1999లో రాష్ట్రంలో రైతుబజార్లు మొదలుపెట్టారు. ఇవాళ కర్నూలులో రైతుబజారంటే ముందు గుర్తొచ్చేది సి క్యాంపుది. ఉద్యోగుల కోసం గీసిన విశాలమైన దారి ఇప్పుడు కూరగాయల సంచులతో, మల్లెపూల బుట్టలతో, సాయంత్రం బజ్జీల బండ్లతో నిండిపోతుంది. వన్ టౌన్ గేరీల్లో కారు ఆపడానికి చోటు లేదు, ఇక్కడ ఉంది. కొత్త వ్యాపారం ఎటు పోతుందో తేల్చింది చాలావరకు ఈ చిన్న తేడానే.

తర్వాత బస్సు. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. పల్లెల నుంచి బస్సులు పెరిగినకొద్దీ బస్టాండు చుట్టుపక్కలే బజారు గుంపుకట్టింది. లాడ్జీలు, మెస్సులు, విత్తనాల అంగళ్లు, పంపుసెట్ల రిపేర్లు, రెడీమేడ్ బట్టలు, ఫోటో స్టూడియోలు అన్నీ బస్సు దిగితే నడిచిపోయేంత దూరంలో ఉండేవి. బస్టాండు మరో చోటికి మారాక పాతది 'పాత బస్టాండు' అన్న పేరుగా మిగిలింది. బస్సులు రాని చోటును ఇంకా బస్టాండు అనే పిలుస్తున్నారంటే, జనం దాన్ని బస్సుల కోసం కాక బజారు కోసం గుర్తుపెట్టుకున్నారని అర్థం. పగటి బేరం అక్కడ నిలబడింది. రాత్రి బేరం మాత్రం కొత్త బస్టాండుకు వలసపోయింది. రాత్రి బేరానికి ఖాతాదారులతో పాతకాలపు పరిచయం ఉండదు. ప్రయాణికుడు ఒక్కసారి తింటాడు, వెళ్లిపోతాడు. అందుకే అది అంత సులువుగా కదులుతుంది.

హైదరాబాద్-బెంగళూరు రహదారి, ఇప్పటి 44వ జాతీయ రహదారి, కర్నూలును తాకుతూ వెళ్తుంది. హైదరాబాద్‌లో రాత్రి పది, పదకొండుకు ఎక్కిన ప్రయాణికుడికి కర్నూలు వచ్చేది అర్ధరాత్రి దాటాక. బెంగళూరు నుంచి వచ్చే బస్సులు తెల్లవారుజామున దాటతాయి. ఒకప్పుడు ఊళ్లోంచి పోయే బస్సు అర్ధరాత్రి ఆగితే టీ కొట్టుకు, పండ్ల బండికి, ఇడ్లీ పాత్రకు పని ఉండేది. బైపాసు, పెద్ద వంతెనలు, ఏసీ స్లీపర్లు వచ్చాక ఆ ప్రయాణికుల్లో చాలామంది కర్నూలును నిద్రలోనే దాటిపోతున్నారు. రహదారి మీద పెద్ద ధాబాలకు ఆ బేరం పోయింది. ధాబాకు పెట్టుబడి కావాలి, పార్కింగ్ కావాలి, ట్రావెల్స్‌వాళ్లతో మాట కుదరాలి. తోపుడు బండి పెట్టుకున్న ఆడమనిషికి ఇవేవీ ఉండవు. రాత్రి వ్యాపారం పెరిగిందని చెప్పేటప్పుడు అది ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో కూడా చెప్పాలి.

సినిమా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రాయలసీమలో ఎక్కడైనా ఉన్నదే ఇక్కడా ఉంది. పల్లెల నుంచి ట్రాక్టర్లలో, ఆఖరి బస్సుల్లో వచ్చిన కుర్రకారు సెకండ్ షో చూసి, తెల్లారి మొదటి బస్సు వచ్చేదాకా బస్టాండులో, టీ అంగళ్ల దగ్గర కాలం వెళ్లబుచ్చేవాళ్లు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పగటి టిఫిన్ అయినా, ఎర్రకారం దోసె, ఆమ్లెట్ రాత్రి బండ్ల మీదికి చేరింది ఈ జనం కోసమే అనుకోవచ్చు. టీవీ, ఆ తర్వాత ఫోను ఆ గుంపును పలచన చేశాయి.

పెద్దాసుపత్రి ముందు మాత్రం జనం తగ్గలేదు. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి ఈ జిల్లావాళ్లే కాదు, అనంతపురం, ప్రకాశం జిల్లాల నుంచి, తెలంగాణలోని పాలమూరు వైపు నుంచి, కర్ణాటకలోని రాయచూరు, బళ్లారి వైపు నుంచి రోగులు వస్తారు. రోగి లోపల మంచం మీద ఉంటే వెంట వచ్చిన ఇద్దరు ముగ్గురు బయట ఉంటారు. వాళ్లకు అర్ధరాత్రి మందుల షాపు కావాలి, వేడినీళ్లు కావాలి, బ్రెడ్డు, పాలు, చాప, దుప్పటి, ప్లాస్టిక్ బకెట్, ఫోను చార్జర్ కావాలి. ఎన్.ఆర్.పేట, గాయత్రి ఎస్టేట్స్ వైపు ప్రైవేటు ఆసుపత్రులు పెరిగినకొద్దీ ఇదే బజారు అక్కడా మొలిచింది. నిజం చెప్పాలంటే కర్నూలులో రాత్రంతా తెరిచి ఉండే అసలైన బజారు ఇదే. దీన్ని నైట్‌లైఫ్ అని ఎవరూ అనరు. వెలుగు జిలుగులు ఉండవు, సెల్ఫీలు ఉండవు. కానీ రాత్రి రెండు గంటలకు ఒక నగరంలో ఏది దొరకాలి అన్న ప్రశ్నకు దీనికన్నా సరైన జవాబు ఎక్కడుంది? సాయంత్రం కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లు, ఊర్నుంచి వచ్చి హోటల్ ధర పెట్టలేని మనిషికి తన ఇంటి తిండి లాంటిదే పెడుతున్నారు. వాళ్లను ఫుట్‌పాత్ ఆక్రమణగా మాత్రమే చూసే నగరపాలన తన ఊరి రాత్రిని అర్థం చేసుకోనట్టే.

మందు సంగతి మళ్లీ ఎత్తక తప్పదు, ఎందుకంటే 2014 తర్వాత తుంగభద్ర రాష్ట్ర సరిహద్దు అయింది. అంతకుముందు 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో అది సడలింది. 2019 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. ధరలు పెరిగాయి, అలవాటైన బ్రాండ్లు దొరకలేదు. నది దాటితే తెలంగాణ, అక్కడ అన్నీ ఉన్నాయి. సరిహద్దుకు ఇంత దగ్గరగా ఉన్న కర్నూలులో సాయంత్రం బండి వేసుకుని అవతలికి వెళ్లిరావడం చాలామందికి అలవాటైంది. పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర పట్టుబడిన సీసాల వార్తలు పత్రికల్లో తరచుగా వచ్చేవి. 2024 అక్టోబరులో దుకాణాలు తిరిగి ప్రైవేటు చేతికి వచ్చాయి. ఇంత జరిగినా మందు చుట్టూ కర్నూలులో చెప్పుకోదగ్గ బజారు వీధి తయారు కాలేదు. బార్లు ఉన్నాయి, కానీ అక్కడ కుటుంబాలు నడవవు, పక్కనే బట్టల అంగడి బతకదు. చట్టం కొన్నేళ్లకొకసారి తలకిందులైతే ఏ వ్యాపారీ దాన్ని నమ్ముకుని ఒక వీధిని కట్టడు.

ఇక 2009. సెప్టెంబరు చివర్లో మొదలైన కుండపోత వానలతో కృష్ణా, తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, నీటిమట్టం 885 అడుగుల పూర్తి స్థాయిని దాటిపోయింది. పైనుంచి వచ్చే నీళ్లు, కింద నిండిన జలాశయం మధ్య చిక్కిన కర్నూలు అక్టోబరు 2న మునిగింది. నదుల మూలలో ఉన్న పాత ఊరే అందరికన్నా ఎక్కువ నష్టపోయింది. అది దసరా అయిపోయి దీపావళి ముందున్న సమయం. అంగళ్లలో పండగ సరుకు నిండుగా ఉండే రోజులు. ఇరుకు గేరీల్లో గోదాములు నేలమట్టంలోనే ఉంటాయి. బట్టల బేళ్లు, బియ్యం, పప్పులు, బెల్లం, ఎరువులు, కాగితం, ఏది తడిసినా పనికిరాదు. అంతకన్నా పెద్ద దెబ్బ పద్దు పుస్తకాలది. చిల్లర వ్యాపారి ఆస్తి సగం అరల్లో ఉంటే, సగం అప్పు పుస్తకంలో ఉంటుంది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో రాసుకున్న పుస్తకం బురదలో కలిస్తే ఆ బాకీ అడిగే ఆధారం కూడా పోతుంది. హోల్‌సేల్ వర్తకుడు తన బాకీ మాత్రం అడుగుతూనే ఉంటాడు.

ఇక్కడ హైదరాబాద్‌తో పోలిక తప్పదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఆ నగరాన్ని ముంచింది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరద అదుపు కోసం ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఆ బోర్డు చేసిన పనుల్లో పత్తర్‌గట్టీ ఒకటి. చార్మినార్ వైపు వెళ్లే దారికి రెండు పక్కలా ఒకే వరుసలో రాతి కమానులు, కింద అంగళ్లు, ఎండావానా తగలకుండా నడిచే వసారాలు కట్టారు. కర్నూలు ఆడవాళ్లు ఇవాళ చీరలు, ముత్యాలు బేరమాడుతున్న ఆ వసారాలు ఒక వరద తర్వాత ఆలోచించి కట్టినవి. ఆ పనిలో అన్యాయం లేదని కాదు. నిజాం ప్రభుత్వం తలచుకుంటే బీదల ఇళ్లు కూల్చగలదు, ఎదురడిగే ఓటు లేదు. ఇవాళ అలా చేయలేరు, చేయకూడదు కూడా. కానీ వరద పోయాక బజారును ఎలా నిలబెట్టాలి అన్న ప్రశ్న అక్కడ ప్రభుత్వం వేసుకుంది. 2009 తర్వాత కర్నూలులో మాట్లాడినదంతా నష్టపరిహారం, ఇళ్లు, గట్లు, రక్షణ గోడల గురించి. అవి అత్యవసరం, సందేహం లేదు. బజారు మాత్రం ఎవరికి వాళ్లు కడుక్కుని, ఎండబెట్టుకుని, అప్పు తెచ్చుకుని తెరుచుకున్నదే. స్తోమత ఉన్నవాళ్లు ఎత్తైన ప్రాంతాల్లో రెండో షోరూమ్ పెట్టారు. లేనివాళ్లు మళ్లీ అదే గేరీలో, ఈసారి సరుకు అటక మీద పెట్టుకుని కూర్చున్నారు. 2020 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ కేసుల్లో కర్నూలు రాష్ట్రంలోనే ముందున్నప్పుడు పాతబస్తీ వీధులు బారికేడ్ల వెనక ఉండిపోయి, వాళ్లకు మరో సీజన్ పోయింది.

అయినా పాత బజారు చావలేదని ఏటా రంజాన్ నెల చూపిస్తుంది. రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజు అయ్యాక వన్ టౌన్ వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. గాజులు, అత్తరు, చెప్పులు, సేమ్యా, ఖర్జూరం, పిల్లల బట్టలు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, చదువుకునే అమ్మాయిలు అర్ధరాత్రి దాకా నిశ్చింతగా తిరుగుతారు. కొనేవాళ్లలో హిందువులూ తక్కువేం ఉండరు, బేరానికి మతం లేదు. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిదికే ఆడవాళ్లు కనిపించని వీధి ఆ నెలలో వాళ్లదవుతుంది. కారణం పోలీసు బందోబస్తు ఒక్కటే కాదు. దీపాలుంటాయి, అంగళ్లు తెరిచి ఉంటాయి, తెలిసిన మనుషులుంటారు. రాత్రి భద్రత గురించి జరిగే చర్చలన్నీ నిఘా కెమెరాల దగ్గర ఆగిపోతుంటాయి. వీధిలో పదిమంది ఆడవాళ్లు గాజులు బేరమాడుతూ నిలబడటానికి మించిన భద్రత ఇంకొకటి ఉందా అన్నది ఆలోచించాలి. కర్నూలు తన రాత్రిని తన కోసమే వాడుకునేది ఏడాదిలో ఈ ఒక్క నెల. మిగతా పదకొండు నెలలూ ఎందుకు కుదరదో చూస్తే మరుగుదొడ్లు, సిటీ బస్సులు, వీధి దీపాలు అనే మామూలు విషయాలే ఎదురొస్తాయి.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టంలో దీనికి పనికొచ్చే నిబంధన ఒకటుంది. యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను వేరే చోటికి తరలించకూడదు. బురుజు చుట్టుపక్కల పాత బజారు ఈ కొలతకు తూగుతుందని వాదించడానికి కావలసినంత చరిత్ర ఉంది. అదే చట్టం ప్రకారం ఐదేళ్లకొకసారి వీధి వ్యాపారుల సర్వే చేయాలి, పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. సర్వే సిబ్బంది పగలు పదకొండుకు వచ్చి వీధి కొలుచుకుని పోతే ఆసుపత్రి ముందు రాత్రి తొమ్మిదికి పెట్టే టీ బండి ఆ కాగితాల్లో ఉండదు. సాయంత్రం ఆరింటికి పొయ్యి వెలిగించే జొన్నరొట్టెల ఆమె పేరూ ఉండదు. పేరు లేకపోతే గుర్తింపు కార్డు రాదు. కార్డు లేకపోతే ట్రాఫిక్‌కు అడ్డమని బండిని లాక్కెళ్లినప్పుడు చూపించడానికి ఆమె చేతిలో ఏమీ ఉండదు.